రెల్లు కణాలను శోధించిన జానకీ అమ్మాళ్

ఉత్తర భారతపు చెరకు రకాల పేర్లకు ముందుండే ‘కో’ అన్న అక్షరం మన కోయంబత్తూరుదే. 1912లో ఇక్కడ నెలకొన్న చెరకు ప్రజనన కేంద్రంలో బార్బర్, టి.యస్. వెంకటరామన్ గార్లు తీయని చెరకును అడవి రెల్లుతో సంకరపరచగా జనించిన కో.205 రకం 1918లో పంజాబు రైతులకు అందింది. నాయకరాజుల కాలం నుండి ఈ సీమలోను, మదురై ప్రాంతంలోను సేద్యం చేస్తూ వచ్చిన మన పూర్వులకు రెల్లు కొత్తది కాదు. ఇంటికప్పుకు తప్ప కొరగాదనుకొన్న ఆ గడ్డికి ఎండను, చలిని ఓర్చే బలం ఎక్కడిది? దాని కణాలను శోధించే పనిని 1934లో ఇక్కడికి వచ్చిన డాక్టర్ ఇ.కె. జానకీ అమ్మాళ్ చేపట్టారు.

ఆమె 1897లో తలశ్శేరిలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1931లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. కోయంబత్తూరులో చెరకును మొక్కజొన్న వంటి దూరపు బంధువులతో సైతం సంకరపరచి, ఆ సంతతి క్రోమోజోములను లెక్కించారు. రెల్లులో ఆ సంఖ్య తావును బట్టి 40 నుండి 128 వరకు మారుతుందని నేడు మనకు తెలుసు. ఇంతటి విద్వత్తు ఉన్నా, అవివాహిత కావడం, వెనుకబడినదిగా ఎంచబడిన కులంలో పుట్టడం తోటి పురుషుల నడుమ ఆమెకు చిక్కులు తెచ్చాయి. ఆ నష్టం ఆమెకంటె మన ఊరికే ఎక్కువ.

1939లో ఎడిన్‌బరో జన్యుశాస్త్ర మహాసభకు వెళ్ళిన ఆమె యుద్ధం రావడంతో ఇంగ్లండులోనే ఉండిపోయారు. 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సేద్యపు మొక్కల క్రోమోజోముల పట్టికను వెలువరించారు. 1951లో స్వదేశానికి తిరిగివచ్చారు. చలితో పాటు తేమ గల ఈశాన్య హిమాలయ సస్యాలలో క్రోమోజోముల జట్లు రెండుకు మించినవి అధికమనీ, చలి ఉన్నా పొడిగా ఉండే వాయవ్యంలో అవి తక్కువనీ గమనించారు.

వాతావరణానికీ క్రోమోజోములకూ గల పొత్తును ఆమె సూక్ష్మదర్శినితో చూశారు. జన్యువులు పనిచేసే తీరు తరువాతి తరానికి తెలిసింది. నీరు కరవైనప్పుడు మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. ఆకుల రంధ్రాలు మూసుకొంటాయి. అంతవరకు నిద్రాణంగా ఉన్న కొన్ని జన్యువులు మేల్కొని, కణాన్ని కాపాడే ప్రోటీనులను తయారుచేయిస్తాయి. మనం ‘ఓర్పు’ అనే దానిలో అధికభాగం ఇదే.

ఎనభై యేళ్ళు దాటినా ఆమె సైలెంట్ వ్యాలీ అడవుల రక్షణకు గొంతు కలిపారు. 1977లో పద్మశ్రీ లభించింది. 1984 ఫిబ్రవరి 7న మద్రాసు చేరువలోని మదురవాయల్‌లో, పరిశోధన సాగిస్తూనే కన్నుమూశారు. రెల్లు జన్యుపటం 2018లో వెలువడింది.