గొట్టంలో నీటిమట్టం చూసిన ఖోస్లా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల మన సభ్యుల్లో నాగార్జునసాగర్ చూడని వారుండరు. ఖోస్లా కమిటీ పేరు విన్నవారు కూడా కొందరుంటారు. ఆ ఖోస్లా ఎవరో తెలిసినవారు మాత్రం తక్కువ. ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు ఆయనే గుర్తుకొచ్చారు. నేను ఇంజనీరును కాను. నీటిపారుదల శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. తప్పులుంటే ఇంజనీరు మిత్రులు మన్నించాలి.

అయోధ్యానాథ్ ఖోస్లా 1892 డిసెంబరు 11న పంజాబులోని జలంధర్‌లో జన్మించారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి 1916లో పంజాబు నీటిపారుదల శాఖలో చేరారు. చేరిన కొత్తలోనే భాక్రా డ్యాం సర్వే పని చేశారు. ఆపైన కొంతకాలం మెసపొటేమియాలో ఉద్యోగం చేసి తిరిగి వచ్చారు.

ఆయన పేరు నిలబెట్టిన పని 1926-27లో మొదలైంది. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఎగువ చీనాబ్ కాలువ మీద కొన్ని సైఫన్లు దెబ్బతిన్నాయి. అవన్నీ బ్లై అనే ఇంజనీరు 1910లో చెప్పిన సూత్రం ప్రకారం కట్టినవే. ఇసుక మీద కట్టిన కట్టడం అడుగును అంటుకుని నీరు పాకుతూ పోతుందని, పాకిన దూరాన్ని బట్టి దాని ఒత్తిడి ఒకే లెక్కన తగ్గుతుందని ఆ సూత్రం. ఖోస్లా, ఆయనతో ఉన్నవారు రెండు సైఫన్ల అడుగు గచ్చులోంచి గొట్టాలు దింపి చూశారు. గొట్టంలో నీరు ఎంత ఎత్తుకు లేస్తే కింద అంత ఒత్తిడి ఉన్నట్లు. పీజోమీటరు అంటే మొదట్లో ఇంతే. మన ఊళ్లలో భూగర్భ జల శాఖ వారు వేసిన గొట్టాలూ ఈ కోవలోవే.

గొట్టాల్లో కనపడ్డ మట్టాలకూ పుస్తకంలోని లెక్కకూ పొంతన కుదరలేదు. ఇలాంటప్పుడు అంకెనే పుస్తకానికి సరిపడేలా దిద్దేవారిని నా సర్వీసులో చూశాను. ఖోస్లా అలా చేయలేదు, పుస్తకాన్నే పక్కన పెట్టారు. పంజ్‌నద్ హెడ్‌వర్క్స్ దగ్గర కూడా గొట్టాలతో కొలిచి, ఎన్.కె. బోస్, మెకంజీ టేలర్ గార్లతో కలిసి 1936లో ఇసుక పునాదుల మీద ఆనకట్టల డిజైను గురించి పెద్ద గ్రంథం వెలువరించారు.

అందులోని సారం మన చెరువు నీరటికాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కట్ట దిగువన ఊట తేటగా వస్తే అంత భయం లేదు. మట్టి కలిసి వస్తే ఊరంతా పలుగూ పార పట్టుకుని పరుగెత్తాలి. నీరు పైకి వచ్చే చివరి చోట దాని ఉరవడికి ఇసుక రేణువు లేస్తే, దాని వెనకది లేస్తుంది, లోపల డొల్ల పడి వెనక్కి పాకుతుంది. అందుకే దిగువ చివరన లోతుగా షీట్ పైల్స్ ఉండి తీరాలన్నారు ఖోస్లా. మన భూపాలపల్లి జిల్లా మేడిగడ్డలో 2023 అక్టోబరు 21న 7వ బ్లాకు పియర్లు కుంగినప్పుడు, జాతీయ డ్యాం భద్రతా సంస్థ నిపుణులు పునాది కింది ఇసుక కొట్టుకుపోవటాన్నే ఒక కారణంగా రాశారు.

ఇప్పుడు గొట్టాలకు బదులు చాలాచోట్ల వైబ్రేటింగ్ వైరు పీజోమీటర్లు పెడుతున్నారు. లోపల ఏక్‌తార తీగెలాగా బిగించిన ఉక్కు తీగె ఉంటుంది. నీటి ఒత్తిడికి పల్చటి రేకు వంగి తీగె కాస్త వదులవుతుంది, శ్రుతి తగ్గుతుంది. సెకనుకు 3000 కంపనాలనుకోండి. దాన్ని దానితోనే హెచ్చించి వెయ్యితో భాగిస్తే 9000. పరికరం అమర్చేనాటి అంకె 9000, ఈరోజు అంకె 8600 అయితే తేడా 400. కంపెనీ వారిచ్చే కాలిబ్రేషన్ కాగితంలో ఒక్కో అంకెకు 0.1 కిలోపాస్కల్ అని ఉందనుకుంటే 40 కిలోపాస్కల్‌లు. 9.81తో భాగిస్తే నాలుగు మీటర్ల పైచిలుకు నీటి ఎత్తు. ఉష్ణోగ్రతకూ గాలి ఒత్తిడికీ చిన్న సవరణలుంటాయి. మొత్తం లెక్కకు ఆధారం ఆ మొదటి అంకె.

ఈ సంగతి నాకు తప్పు చేశాకే తెలిసింది. ఒక డ్యాం డివిజనులో పాత రిజిస్టరు నిండితే కొత్తది నేనే తెరిచాను. నెలవారీ అంకెలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించాను కానీ, పాత దాని మొదటి పేజీలోని తొలి రీడింగులు ఎక్కించలేదు. రెండేళ్ల తర్వాత కొత్తగా వచ్చిన ఏ.ఇ. గారు అడిగితే రికార్డు రూములో మూడు వారాలు వెతికాం. దొరికేసరికి సగం చెదలు తిన్నాయి. రెండు పరికరాల తొలి అంకెలు పోయాయి. ఆ తర్వాత కూడా కాలమ్ ఉంది కాబట్టి ఆ రెండింటి రీడింగులు రాస్తూనే వచ్చాం. అవి ఎంత ఒత్తిడో చెప్పగలిగినవారు లేరు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఏ.ఇ. గారు ఆ రెండు గడుల మీద పెన్సిలుతో అడ్డగీత గీసి ఊరుకున్నారు.

ఖోస్లా 1945లో కేంద్ర జలమార్గ, నీటిపారుదల కమిషన్ తొలి ఛైర్మన్ అయ్యారు. 1950లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థకు తొలి అధ్యక్షులు. మన తెలుగువారికి ముఖ్యమైంది 1952. కృష్ణా, గోదావరి జలాల వినియోగంపై కేంద్రం వేసిన ఆయన కమిటీ నందికొండ ప్రాజెక్టును సిఫారసు చేసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ అదే. 1954 నుంచి 1959 వరకు రూర్కీ విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరుగా, 1962 నుంచి 1968 వరకు ఒరిస్సా గవర్నరుగా పనిచేశారు. గవర్నరుగా ఉంటూనే నర్మదా జలాల కమిటీకి అధ్యక్షత వహించారు. 1977లో పద్మవిభూషణ్ వచ్చింది. 1984లో కన్నుమూశారు. చీనాబ్ సైఫన్ల గచ్చులో గొట్టాలు దింపేనాటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు కూడా నిండలేదు.