రాజు దయతోని పోయిండు, సర్కారు పద్దుల హక్కు రాయించిండు

ఏప్రిల్ 14 వచ్చిందంటె మన ఊర్లల్ల బాబాసాహెబ్ విగ్రహానికి దండలేస్తం, డీజే పెడ్తం, కింద నిలబడి ఫొటో దిగి స్టేటస్ పెడ్తం. విగ్రహం చేతిల పుస్తకం ఉంటది. అది రాజ్యాంగం అని చిన్న పోరగాన్ని అడిగినా చెప్తడు. మరి అది రాసెటంత సదువు ఆయనకు ఎట్ల దొరికింది? దానికి పైసలు ఎవలు కట్టిన్రు? నడుమల ఎన్నిసార్లు ఆగింది? ఇది మాత్రం మనం అడగం. సర్కారు పైసలతోని పరాయి దేశం పోయి సదువుకుందామని ఆశ పెట్టుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు మన పల్లెలల్ల మస్తు మంది ఉన్నరు. వాళ్ల కోసం ఇయ్యాల గీ ముచ్చట చెప్తున్న.

భీమ్‌రావ్ 1891 ఏప్రిల్ 14న మహూల పుట్టిండు. నాయన రామ్‌జీ సైన్యంల సుబేదారు. పద్నాలుగు మంది పిల్లలల్ల ఈయన ఆఖరోడు. సతారా బడిల కూసోనీకి గోనెపట్ట ఇంటికాడికెల్లి తెచ్చుకునేటోడు. దూపైతె తను పోయి నల్లా తిప్పుకునేది లేదు, బడి నౌకరు వచ్చి తిప్పాలె. నౌకరు రాని పొద్దు నీళ్లు లేనట్టే. గసొంటి బడికెల్లి వచ్చిన పిల్లగాడు 1907ల బొంబాయిల మెట్రిక్ పాసయిండు.

గప్పటికి నాయన పించనీతోని ఇల్లు నడుస్తున్నది. కాలేజీ ఫీజు కట్టే తాకత్ లేదు. కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే సారు ఈ పిల్లగాన్ని బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ కాడికి తోల్కపోయిండు. మహారాజు నెలకు 25 రూపాయలు మంజూరు చేసిండు. ఆ పైసలతోనే ఎల్ఫిన్‌స్టన్ కాలేజీల బీఏ అయింది.

1913 జనవరిల బరోడా కొలువుల చేరిండు. కొద్దిరోజులకే నాయనకు పాణం బాగలేదని కబురొచ్చింది. ఇంటికి పోతూ పోతూ నాయన కోసం మిఠాయి కొందామని సూరత్ స్టేషన్ల దిగిండు. రైలు ఎల్లిపోయింది. తెల్లారి ఇల్లు చేరేసరికి నాయన ఆఖరి గడియలల్ల ఉన్నడు. ఫిబ్రవరి 2న కన్ను మూసిండు. కొడుకు సదువు కోసం అప్పులు చేసిన మనిషి, ఆ కొడుకు ఓడ ఎక్కంగ సూడలె.

గదే ఏడు మహారాజు కొంతమంది విద్యార్థులను అమెరికా పంపాలని అనుకున్నడు. భీమ్‌రావ్ పేరు కూడ అండ్ల చేరింది. 1913 జూన్ 4న బరోడా సంస్థానంతోని ఒప్పందం మీద సంతకం పెట్టిండు. మూడేండ్ల దాక నెలకు 11.50 పౌండ్లు ఇస్తరు. చెప్పిన సదువే సదవాలె. వాపస్ వచ్చినంక పదేండ్లు బరోడా కొలువు చెయ్యాలె. గిది పదేండ్ల బాండు పేపరే.

జులైల న్యూయార్క్‌ల దిగిండు. వయసు 22. ఇంటికాడ భార్య రమాబాయి, చంటి కొడుకు యశ్వంత్ ఉన్నరు. కొలంబియా యూనివర్సిటీల గోనెపట్ట లేదు, నల్లా తిప్పే నౌకరు లేడు. అందరితోని ఒక్క బల్ల మీద కూసున్నడు. ఒక్క అర్థశాస్త్రంలనే 29 కోర్సులు సదివిండు. చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం అదనం. సెలిగ్మన్, జాన్ డ్యూయీ లెక్కటి పెద్ద సార్ల క్లాసులల్ల కూసున్నడు. 1915ల ఎంఏ అయింది. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సారు నడిపే సెమినార్ల మన దేశంల కులం ఎట్ల పుట్టింది, ఎట్ల నడుస్తున్నది అని ఒక వ్యాసం సదివిండు. ఈ వ్యాసాన్ని యాది పెట్టుకోన్రి, ఆఖరికి మళ్ల దీని కాడికే వస్తం.

అమెరికాకెల్లి 1916ల లండన్ పోయిండు. బారిష్టరు సదువు కోసం గ్రేస్ ఇన్‌ల, అర్థశాస్త్రం కోసం లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ల చేరిండు. ఏడాది గడవకముందే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. సంస్థానం వాపస్ రమ్మన్నది. థీసిస్ సగంల ఆగింది. నాలుగేండ్లల్ల వచ్చి పూర్తి చేసుకునేతట్టు కాలేజీ కాడ అనుమతి తీస్కొని 1917ల ఓడెక్కిండు. పుస్తకాలు, సామాను వేరే ఓడల ఏసిండు. అది ప్రపంచయుద్ధం కాలం. పుస్తకాలున్న ఓడను టార్పిడోతోని ముంచిన్రు. ఏండ్ల కొద్ది పైస పైస కూడబెట్టి కొన్న పుస్తకాలు సముద్రం పాలయినయి.

గిప్పుడు అసలు ముచ్చట. ఒప్పందం ప్రకారం బరోడా పోయిండు. అమెరికాల, లండన్ల సదివొచ్చిన మనిషి, మహారాజు ఆఫీసుల పెద్ద కొలువు. ఊర్ల మాత్రం ఆయనకు అద్దె ఇల్లు లేదు. ఏ హోటలూ రానియ్యలె. ఆఖరికి ఒక పార్సీ సత్రంల పార్సీ పేరు రాయించుకొని ఉండాల్సొచ్చింది. ఆఫీసుల నౌకర్లు కాయితాలు చేతికియ్యకుండ దూరంకెల్లి ఇసిరేటోళ్లు. పదకొండో రోజు పొద్దుగాల పార్సీలు కట్టెలు పట్టుకొని సత్రం మీదికొచ్చిన్రు. సాయంత్రం దాక ఖాళీ చెయ్యమన్నరు. ఇద్దరు దోస్తుల ఇండ్లు అడిగితె ఇద్దరూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నరు. రాత్రి బొంబాయి రైలు దాక ఒక తోటల చెట్టు కింద కూసొని ఏడ్చిండు.

ఒక్కసారి ఆలోచించున్రి. పదేండ్లు కొలువు చేస్తనని సంతకం పెట్టింది ఆయన. మాట తప్పింది ఎవలు? ఉండనీకి జాగ ఇయ్యని సమాజం. స్కాలర్‌షిప్ ఆయనను సముద్రం దాటించింది గని, వాపస్ వచ్చినంక బరోడాల ఒక గడప దాటించలేకపోయింది. సదువుకు పైసలిచ్చి, సదివినోనికి సోటియ్యకపోతె గా సాయం సగంల ఆగినట్టే.

అయినా ఆయన సదువు ఇడిసిపెట్టలె. 1918ల బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీల ప్రొఫెసర్ అయిండు. అక్కడ కూడ ఈయన కుండల నీళ్లు ముట్టొద్దని తోటి ప్రొఫెసర్లల్ల కొందరు లొల్లి పెట్టిన్రు. జీతంలకెల్లి కూడబెట్టిండు. కొల్హాపూర్ శాహూ మహారాజు సాయం చేసిండు. దోస్తు నావల్ భథేనా కాడ 5,000 రూపాయల అప్పు తీసుకున్నడు. 1920ల మళ్ల లండన్ పోయిండు. కడుపు మాడ్చుకొని పొద్దంత లైబ్రరీలల్ల కూసునేటోడు. 1921ల ఎంఎస్సీ, తర్వాత బారిష్టరు పట్టా, 1923ల రూపాయి సమస్య మీద డీఎస్సీ వచ్చినయి. ఈ రెండోసారి పయనానికి ఏ సర్కారు స్కాలర్‌షిప్ లేదు.

ఇంటికాడ రమాబాయి పిడకలు చేసి సంసారం ఈదింది. ఆ తల్లికి ఐదుగురు పిల్లలు పుడితె నలుగురు చిన్నతనంలనే పోయిన్రు. బాబాసాహెబ్ డిగ్రీల లెక్క చెప్పేటప్పుడు ఈ లెక్క కూడ చెప్పాలె. స్కాలర్‌షిప్ తక్కువబడ్డ కాడల్ల, ఆ లోటు పూడ్చింది ఇంట్ల ఆడమనిషే.

గింత కష్టం పడ్డోళ్లు రెండు తీర్లు ఉంటరు. నేను కష్టపడి పైకొచ్చిన, మీరూ కష్టపడున్రి అనేటోళ్లు ఒక తీరు. నాకైన కష్టం నా ఎనుకొచ్చేటోళ్లకు కావొద్దు అనేటోళ్లు ఇంకో తీరు. బాబాసాహెబ్ రెండో తీరు మనిషి. 1942ల వైస్రాయ్ కౌన్సిల్ల లేబర్ మెంబర్ అయినంక, షెడ్యూల్డ్ కులాల బాధలు రాసి సర్కారుకు ఒక మహజరు ఇచ్చిండు. బనారస్ హిందూ యూనివర్సిటీకి, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి సర్కారు మూడేసి లక్షలు ఇస్తున్నప్పుడు, మా పిల్లల సదువుకు ఎందుకియ్యరని నిలదీసిండు. సైన్సు, టెక్నాలజీ సదువులకు స్కాలర్‌షిప్పులు కావాలన్నడు. దాంతోపాటు విదేశాల సదువుకు కూడ పైసలు పెట్టాలన్నడు. ఆయన కొట్లాటతోని సర్కారు మూడు లక్షలు మంజూరు చేసింది. 1944ల షెడ్యూల్డ్ కులాల పిల్లలకు స్కాలర్‌షిప్పులు షురూ అయినయి. మనం ఇయ్యాల కాలేజీల దరఖాస్తు పెట్టే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వేరు గక్కడనే ఉన్నది.

తర్వాత రాజ్యాంగంల 46వ అధికరణం వచ్చింది. బలహీనవర్గాల సదువు మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టుడు రాజ్యం పని అని అది చెప్తది. 1954-55ల కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదలువెట్టింది. కేలూస్కర్ లెక్కటి సారు దొరకాలె, మహారాజు మనసు కరగాలె అనే కాలం పోయి, సర్కారు పద్దుల పైసలు రాసే కాలం వచ్చింది. గిదే ఆయన చేసిన పెద్ద పని. తనకు దయగ దొరికినదాన్ని ఎనుకొచ్చేటోళ్లకు హక్కుగ మార్చిండు.

మన హైదరాబాద్‌తోని కూడ ఈ సదువు కథకు సంబంధం ఉన్నది. 1950ల ఔరంగాబాద్‌ల ఆయన సంస్థ కాలేజీ పెట్టింది. గప్పుడు ఔరంగాబాద్ హైదరాబాద్ రాష్ట్రంల భాగం. 1953 జనవరి 12న ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇయ్యాల తెలంగాణల ఎస్సీ, ఎస్టీ పిల్లల విదేశీ సదువు పథకం అంబేద్కర్ పేరు మీదనే నడుస్తున్నది. 20 లక్షల దాక ఇస్తరు. మొదటి సగం అక్కడ దిగినట్టు కాయితం సూపిస్తె, రెండో సగం మొదటి సెమిస్టర్ రిజల్ట్ వచ్చినంక. అంటె ఇమానం ఎక్కేదాక అయ్య భూమి కుదువ పెట్టాలె, అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టాలె. పైసలు లేనోని కోసం పెట్టిన పథకం, ముందుగాల పైసలు సూపియ్యమన్నట్టు ఉంటె ఎట్ల?

కేంద్రం పథకం సంగతి ఇంకోటి. 2025ల 106 మందిని ఎంపిక చేసి, ముందుగాల 40 మందికే అవార్డు లెటర్లు ఇచ్చిన్రు. మిగిలినోళ్లకు నిధులుంటె ఇస్తమన్నరు. కాలేజీ సీటు చేతిల పట్టుకున్న పిల్లకు నిధులు ఉంటె అనే మాట ఎంత బరువుంటదో, 1917ల సగం థీసిస్‌తోని ఓడెక్కిన మనిషికి ఎరుక.

అంతకంటె పెద్దది 2022 నాటి రూలు. మన దేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సమాజం మీద పరిశోధన చేస్తమంటె ఈ స్కాలర్‌షిప్ వర్తించదని కేంద్రం రాసింది. గిప్పుడు 1916 మే 9 నాటి వ్యాసాన్ని యాది చేసుకోన్రి. న్యూయార్క్‌ల కూసొని మన దేశంల కులం గురించి రాసిన వ్యాసం అది. ఆయన వల్ల పుట్టిన స్కాలర్‌షిప్, గా పని చేస్తనంటె ఇయ్యాల ఆయనకే రాదు. ఇంజినీరింగ్ సదువు, కంప్యూటర్ సదువు, గని నిన్ను తొక్కినదాని గురించి సదువొద్దు అన్నట్టే గద!

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, గివన్ని విని ఎనుకకు తగ్గకున్రి. దరఖాస్తు పెట్టున్రి. మన సర్కారువే కాదు, వేరే దేశాల సర్కారువి కూడ ఉన్నయి. బ్రిటన్ ఇచ్చే చీవ్నింగ్, కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్పులు, జర్మనీ డాడ్ మన దేశం పిల్లలకు కూడ ఉన్నయి. షరతులు ముందే సదువున్రి. చీవ్నింగ్ తీసుకుంటె సదువు అయినంక రెండేండ్లు సొంత దేశంల ఉండాలె. షరతు పెట్టుడు తప్పు కాదు. వాపస్ వచ్చినోనికి కొలువు, ఇల్లు, ఇజ్జత్ ఉండాలె, గంతే.

నేను పెద్ద సదువు సదువుకోలె. ఊరి గ్రంథాలయంల కూసొని ఆయన జీవితాన్ని సదువుకున్నోన్ని. నాకు సమజైంది ఒక్కటే. గా నెలకు 11.50 పౌండ్లు గనుక రాకపోతె ఇయ్యాల రాజ్యాంగం ఏ తీరుగ ఉండేదో ఎవలు చెప్పలేరు. మన గూడెంల, వాడల, తండల గసొంటి పిల్లలు ఎందరున్నరో కూడ ఎవలు లెక్కవెట్టలె. వచ్చే ఏప్రిల్ 14న దండ ఎయ్యున్రి, డీజే పెట్టున్రి. అట్లనే ఊరోళ్లంత సంతకాలు పెట్టి ఒక కాయితం కలెక్టరేట్ల ఇయ్యున్రి. స్కాలర్‌షిప్ పైసలు ఇమానం ఎక్కకముందే ఇయ్యాలె, నిధులు లేవనొద్దు, ఏం సదువాలెనో పిల్లలకే ఇడిసిపెట్టాలె అని రాయున్రి. మహజరు రాసి అడుగుడు మనకు నేర్పింది ఆయనే.