బాంకు గుమాస్తా కొన్న మొదటి కెమెరా

మన కాలేజీలో ఫోటోగ్రఫీ మీద మోజున్న విద్యార్థులకు కొదవ లేదు. ఏటా కొత్తవాళ్ళు చేరగానే వాళ్ళలో ఇద్దరు ముగ్గురైనా వచ్చి, మొదటి డిఎస్ఎల్ఆర్ కెమెరా ఏది కొనమంటారు మాస్టారూ అని నన్ను అడుగుతూనే ఉంటారు. కేననా, నికానా? ఎన్ని మెగాపిక్సెళ్ళు? కొత్తదా, ఒకరు వాడిందా? ఇంట్లో పెద్దవాళ్ళు ఎన్నో ఖర్చులు తగ్గించుకుని సర్దిపెట్టే డబ్బు గనుక ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. ఒక కంపెనీ పేరు చెప్పేసి చేతులు దులుపుకోవటం నాకు ఇష్టం ఉండదు. దానికంటే ఒక మనిషి జీవితం చెప్పటం మేలనిపిస్తుంది. మొదటి కెమెరా కొన్ననాటికి ఆయన ఒక బాంకులో గుమాస్తా. దానితో పడ్డ అవస్థలే ఆయన చేత కొడాక్ కంపెనీని పెట్టించాయి. ఆయనే జార్జి ఈస్ట్‌మన్.

ఈస్ట్‌మన్ 1854 జూలై 12న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌విల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి రోచెస్టర్ పట్నంలో వ్యాపార విద్య నేర్పే కాలేజీ నడిపేవాడు. 1862లో ఆయన పోవటంతో సంసారం తలకిందులైంది. తల్లి మరియా ఇంట్లో మనుషులను అద్దెకు పెట్టుకుని, వాళ్ళకు వండి పెట్టి పిల్లలను సాకింది. ఇద్దరు అక్కల్లో ఒకామె పోలియో వల్ల నడవలేకపోయేది. ఆమె 1870లో కన్నుమూసింది. ఇంటి బరువు పంచుకోవాలని ఈస్ట్‌మన్ చిన్నతనంలోనే చదువు మాని, ఇన్సూరెన్సు ఆఫీసులో వారానికి 3 డాలర్ల జీతానికి కుదిరాడు. ప్రతి చిన్న ఖర్చూ పుస్తకంలో రాసుకునేవాడు. 1874లో రోచెస్టర్ సేవింగ్స్ బాంకులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. అక్కడ జీతం వారానికి 15 డాలర్లయింది.

1877లో ఆయనకు సెలవులో శాంటో డొమింగో చూసిరావాలని బుద్ధి పుట్టింది. వెళ్ళేవాడివి ఫోటోలు కూడా తీసుకురారాదా అని తోటి ఉద్యోగి ఒకాయన సలహా ఇచ్చాడు. సరేనని సామగ్రి కొన్నాడు. కొన్నాక గాని తెలిసిరాలేదు, అది కెమెరా కాదు, ఒక బండెడు సామానని! పెద్ద పెట్టెంత కెమెరా, దాన్ని మోసే స్టాండు, గాజు పలకలు, రసాయనాల సీసాలు, నీళ్ళ పాత్ర, చీకటి కోసం ఒక డేరా. అప్పటి పద్ధతి తడి పలకలది. గాజు పలక మీద కొలోడియన్ పూసి, వెండి ద్రావకంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, ఆరకముందే కడగాలి. ముంచటం, కడగటం డేరాలో చీకట్లో జరగాలి. శాంటో డొమింగో ప్రయాణం మానుకున్నాడు గాని, కెమెరాను మాత్రం అటక మీద పడెయ్యలేదు. ఊళ్ళో ఒక ఫోటోగ్రాఫరు దగ్గర డబ్బిచ్చి మరీ పాఠాలు నేర్చుకున్నాడు.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. కెమెరా కష్టంగా ఉందని ఆయన వదలనూ లేదు, కష్టం లేకపోతే కళే కాదని వాదించనూ లేదు. ఆ కష్టంలో ఏది అవసరం, ఏది అనవసరం అని విడదీయటం మొదలుపెట్టాడు. ఆయన జీవితమంతా ఈ విడదీయటంలోనే ఉంది.

ఇంగ్లండులో మాడాక్స్ అనే డాక్టరు 1871లోనే జెలటిన్‌తో పొడి పలకలు చేసే దారి చూపించాడు. ఆ సంగతులు బ్రిటిష్ పత్రికల్లో చదివి, ఈస్ట్‌మన్ తల్లి వంటింట్లో ప్రయోగాలకు దిగాడు. పగలంతా బాంకు, రాత్రిళ్ళు పొయ్యి ముందు రసాయనాలు. ఎన్నోసార్లు అలసిపోయి అక్కడే నేలమీద పడి నిద్రపోయేవాడు. 1879లో, పలకలకు పూత పూసే యంత్రానికి ఇంగ్లండులో పేటెంటు సంపాదించాడు. 1881 జనవరిలో, తల్లి దగ్గర అద్దెకున్న హెన్రీ స్ట్రాంగ్ పెట్టుబడితో పొడి పలకల కంపెనీ మొదలైంది. ఆ ఏడాదే బాంకు ఉద్యోగానికి నమస్కారం పెట్టాడు.

మరుసటి ఏడే పిడుగు పడింది. అమ్మిన పలకలు పనిచెయ్యటం మానేశాయి. ఈస్ట్‌మన్ చెడ్డ పలకలన్నీ వెనక్కు తీసుకుని, బదులు కొత్తవి ఇస్తానని మాట ఇచ్చాడు. కంపెనీ మునిగిపోయేంత నష్టమైనా మాట తప్పలేదు. ఇంగ్లండు దాకా వెళ్ళి విచారిస్తే తప్పు జెలటిన్‌లో ఉందని తేలింది. కొన్నవాడి నమ్మకం పోతే ఇక వ్యాపారం లేదనే పాఠం ఆయన ఎన్నడూ మరచిపోలేదు.

తర్వాత గాజు బరువు వదిలించుకోవటం మీద పడ్డాడు. 1885 నాటికి విలియం వాకర్‌తో కలిసి, కాగితపు ఫిల్మును చుట్టగా చుట్టి కెమెరాకు తగిలించే సాధనం తయారుచేశాడు. స్టూడియోల వాళ్ళు దాన్ని అంతగా మెచ్చలేదు. అప్పుడాయన దృష్టి వాళ్ళను దాటి మామూలు జనం మీదికి మళ్ళింది. 1888లో కొడాక్ కెమెరా వచ్చింది. ఆ పేరుకు ఏ భాషలోనూ అర్థం లేదు. కె అనే అక్షరం మీద ఇష్టంతో ఆయన కల్పించిన మాట. వెల 25 డాలర్లు. వంద ఫోటోల రీలు లోపల పెట్టే అమ్మేవారు. ఫోకస్ సరిచెయ్యటం లేదు, లెక్కలు లేవు. దారం లాగటం, మీట నొక్కటం, రీలు తిప్పటం, అంతే. రీలు అయిపోయాక కెమెరాను పళంగా కంపెనీకి పంపి 10 డాలర్లు కడితే, ఫోటోలు కడిగి, కొత్త రీలు వేసి తిరిగి పంపేవారు.

అయినా 25 డాలర్లంటే ఆయన గుమాస్తాగా ఉన్ననాటి జీతంలో రెండు వారాల కూలికి దగ్గర. బీదవాడికి అందేది కాదు. 1900లో బ్రౌనీ వచ్చింది. అట్టతో చేసిన ఆ పెట్టె కెమెరా వెల ఒక్క డాలరు, ఆరు ఫోటోల రీలు 15 సెంట్లు. బడిపిల్లలు కూడా కొనుక్కున్నారు. మొదటి ఏడాదే లక్షకు పైగా అమ్ముడయ్యాయి. దీని వెనుక ఔదార్యం ఎంతో, లెక్క కూడా అంతే. కెమెరా ఒక్కసారి కొంటారు, రీలు జీవితమంతా కొంటారు. డాలరుకు కెమెరా ఇచ్చినా లాభం రీళ్ళలో వస్తుందని ఈ మాజీ గుమాస్తాకు బాగా తెలుసు.

విద్యార్థులు ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలి. 2003లో కేనన్ 300డి వెయ్యి డాలర్లలోపు వెలకు వచ్చినప్పటినుంచి డిఎస్ఎల్ఆర్ మామూలువాళ్ళకు అందింది. కాని బాడీతో ఖర్చు తీరదు. ఒక కంపెనీ బాడీకి ఇంకో కంపెనీ లెన్సు మామూలుగా పట్టదు. బాడీ కొనటమంటే ఆ కంపెనీ లెన్సుల ఇంటికి కోడలుగా వెళ్ళటమే! నికాన్ డి3000, డి5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. మోటారు లేని పాత లెన్సు చవగ్గా దొరికిందని తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే. అంచేత డబ్బంతా బాడీకే పొయ్యకుండా, కొంత మిగుల్చుకుని, 35 లేక 50 మిల్లీమీటర్ల ఎఫ్1.8 లెన్సు ఒకటి కొనుక్కున్నవాడు తెలివైనవాడు.

ఈస్ట్‌మన్ జీవితంలో మచ్చలు లేకపోలేదు. పారదర్శకమైన ఫిల్ముకు హానిబల్ గుడ్విన్ అనే మతాచార్యుడు 1887లోనే పేటెంటు కోరాడు. రెండేళ్ళ తర్వాత అలాంటి ఫిల్మునే కొడాక్ అమ్మింది. కోర్టులో కంపెనీ ఓడి, 1914లో 50 లక్షల డాలర్లు చెల్లించుకుంది. అప్పటికి గుడ్విన్ బతికి లేడు. ఈ సంగతి దాచిపెట్టి ఈస్ట్‌మన్‌ను దేవుణ్ణి చెయ్యనక్కరలేదు.

మరోవైపు, సంపాదించింది ఇచ్చెయ్యటంలో ఆయనకు సాటి వచ్చేవాళ్ళు తక్కువ. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయానికి తన పేరు దాచి, స్మిత్ అనే మారుపేరుతో విరాళాలిచ్చాడు. మొత్తం మీద ఆ సంస్థకు ఇచ్చింది 2 కోట్ల డాలర్ల దాకా ఉంటుంది. రోచెస్టర్‌లో సంగీత కళాశాల, పిల్లల పళ్ళ వైద్యశాల పెట్టించాడు. నల్లజాతివారి విద్యకు పాటుపడిన టస్కెగీ, హాంప్టన్ సంస్థలకు లక్షలిచ్చాడు. 1919లో కంపెనీలోని తన వాటాల్లో మూడో వంతు కార్మికులకు పంచాడు. మధ్యలో చదువు మానినవాడు ఇందరి చదువుకు దారి చూపించటం కంటే గొప్పదేముంది?

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ప్రాణంగా చూసుకున్న తల్లి 1907లో పోయింది. ముసలితనంలో వెన్నెముక జబ్బు నడవనివ్వకుండా చేసింది. 1932 మార్చి 14న, 77వ ఏట, తన జీవితాన్ని తానే ముగించుకున్నాడు. లోకానికి నవ్వుతున్న ముఖాలను దాచుకునే సాధనం ఇచ్చిన మనిషి అంత ఒంటరిగా వెళ్ళిపోవటం ఎవరి మనసునైనా కలచివేస్తుంది.

ఆయన కంపెనీ కథ ఇంకా విచిత్రం. 1975లో కొడాక్‌లోనే స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక ఫోటో టేపుకెక్కటానికి 23 సెకండ్లు పట్టేది. 1991లో నికాన్ ఎఫ్3 బాడీతో 13 లక్షల పిక్సెళ్ళ డిఎస్ఎల్ఆర్‌ను అమ్మింది కూడా కొడాకే. కాని రీలు మీద వచ్చే లాభాన్ని వదులుకోలేక వెనకబడి, 2012లో దివాలా కోర్టుకెక్కింది. పొడి పలకల్లో లాభం వస్తుండగానే ఫిల్ము వైపు నడిచిన స్థాపకుడి ధైర్యం వారసులకు చాలినంత అబ్బలేదు.

ఇక మన ప్రశ్న. కొడాక్ మీట నొక్కితే చాలన్న సుఖాన్ని ఈనాడు జేబులోని ఫోను ఇస్తూనే ఉంది. సుఖమొక్కటే కావాలంటే డిఎస్ఎల్ఆర్ కొనకండి, ఇంట్లో డబ్బు వృథా చెయ్యకండి. కొనేది నేర్చుకోవటానికైతే, మెగాపిక్సెళ్ళ లెక్క పక్కన పెట్టండి. చేతికి ఇమిడేదీ, రోజూ మోసుకెళ్ళగలిగేదీ, అపర్చరు, షట్టరు, ఐఎస్ఓ మీ అంతట మీరు తిప్పుకోనిచ్చేదీ చాలు. 2018లో వచ్చిన డి3500 తర్వాత ఆ సిరీస్‌లో నికాన్ కొత్త బాడీ తేలేదు గనుక, వాడిన కెమెరా కొనటంలో చిన్నతనమేమీ లేదు. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడగండి, లెన్సులో బూజు ఉందేమో వెలుతురుకు పట్టి చూడండి.

కెమెరా కొన్న ప్రయాణం ఈస్ట్‌మన్ చెయ్యనే లేదు. అయినా ఆ కెమెరా వృథా పోలేదు. మీరు ఏది కొన్నా, రేపు దానితో ఏం చేస్తారన్నదే దాని అసలు వెల.