తాను మెచ్చని సూత్రముతో నిలిచిన పేరు

జలశాస్త్రము చదువుకొనే విద్యార్థికి మొట్టమొదట పరిచయమయ్యే పేరులలో మానింగ్ పేరు ఒకటి. కాలువలో నీటివేగమును లెక్కకట్టవలసినప్పుడు మన ఇంజనీరింగు కళాశాలలలో సైతం ఆయన సూత్రమునే ఆశ్రయిస్తారు. కాని ఆ సూత్రముపై ఆయనకే తృప్తి లేదన్న సంగతి పలువురు ఎరుగరు.

రాబర్ట్ మానింగ్ 1816లో ఫ్రాన్సుదేశమందలి నార్మండీలో జన్మించినాడు. తండ్రి ముందటి సంవత్సరమే వాటర్లూ యుద్ధములో పాల్గొన్న సైనికుడు. 1826లో మానింగ్ ఐర్లండులోని వాటర్‌ఫర్డు చేరినాడు. అక్కడ పెరిగి పెద్దవాడై, లెక్కలు వ్రాసే ఉద్యోగముతో జీవనము ప్రారంభించినాడు. ఇంజనీరింగు విద్యను ఆయన ఏ కళాశాలలోను అభ్యసించలేదు. బంగాళాదుంప పంట తెగులుపాలై ఐర్లండు క్షామముతో అల్లాడుతున్న 1846లో, ముంపునీటిని తరలించే ప్రభుత్వ పనులలో ఆయన కుదురుకొన్నాడు. రెండేండ్లలో జిల్లా ఇంజనీరు పదవి లభించినది. గురువు లేని కొరతను ఫ్రెంచి జలశాస్త్రగ్రంథ పఠనముతో తీర్చుకొన్నాడు. 1855 మొదలు 1869 వరకు ఒక ప్రభువు కొలువులో ఉండి, డండ్రం రేవు నిర్మాణమును పర్యవేక్షించినాడు; బెల్ఫాస్టు నగరమునకు నీటిసరఫరా పథకమును రూపొందించినాడు. 1874లో ప్రభుత్వ నిర్మాణశాఖకు ప్రధాన ఇంజనీరై, 1891లో పదవీవిరమణ చేసినాడు.

1889 డిసెంబరులో, తన డెబ్బదిమూడవ యేట, ఐర్లండు ఇంజనీర్ల సంస్థ యెదుట ఆయన ఒక వ్యాసము సమర్పించినాడు. అప్పటికి వాడుకలో ఉన్న ఏడు సూత్రములను తీసుకొని, ఒక్కొక్కదానివలన వచ్చే వేగమును లెక్కించి, వాని సగటునకు సరిపోయే సూత్రమును కూర్చినాడు. వాలు యొక్క వర్గమూలమును, నీటిలోతును తెలిపే కొలతయొక్క మూడింట రెండవ ఘాతమును గుణించి, ఒక స్థిరాంకముతో సరిచూచుట దాని సారాంశము. ఇదే రూపమును 1867లోనే గోక్లేర్ అను ఫ్రెంచి ఇంజనీరు సూచించి యున్నాడు.

కాని మానింగ్‌కు అది రుచించలేదు. సమీకరణములో రెండు వైపుల ప్రమాణములు పొసగలేదు. ఆనాడు ఘనమూలము తీయుట సైతం శ్రమతో కూడినది. అందుచేత వాయుపీడనమును కూడ కలిపి మరొక సూత్రము ప్రతిపాదించినాడు. లోకము దానిని పట్టించుకొనలేదు. ఆయన వద్దన్నదానికే ఆయన పేరు పెట్టుకొన్నది. తరువాతివారు ఆ స్థిరాంకము స్థానములో, కుట్టర్ అంతకుముందే వాడిన గరుకుదన గుణకమును చేర్చినారు. 1897లో మానింగ్ కీర్తిశేషుడైనాడు.

మైదానపు కాలువలో ఈ సూత్రము చక్కగా పనిచేస్తుంది. అక్కడ అడుగునున్న ఇసుకరేణువుకంటె నీటిలోతు ఎన్నోరెట్లు ఎక్కువ. గరుకుదనమునకు ఒకే సంఖ్య చాలును. కొండవాగు తీరు వేరు. అక్కడి బండరాయి ఎత్తు నీటిలోతుతో సమానము. ఒక్కొక్కచోట అంతకు మించినది. నీరు రాతిని ఢీకొని, పైకెగసి, మడుగులో దూకి, సుడులలోను నురుగులోను తన శక్తిని పోగొట్టుకొంటుంది. వరద పెరిగి రాళ్లు మునిగినకొద్దీ ఆ అడ్డంకి తగ్గుతుంది. ఒకే వాగునకు వేసవిలో ఒక గుణకము, వరదలో మరొకటి!

1959లో వెన్ టె చౌ ప్రకటించిన పట్టికలో పెద్ద బండలున్న కొండవాగులకు ఈ గుణకము 0.04 మొదలు 0.07 వరకు ఉన్నది. 1984లో అమెరికాకు చెందిన జారెట్, కొలరాడోలోని 21 వాగులలో చేసిన 75 కొలతలను పరిశీలించి, వాలు పెరిగినకొద్దీ గుణకము పెరుగునని, లోతు పెరిగినకొద్దీ తగ్గునని నిరూపించినాడు. ఆ రెండింటినుండియే గుణకమును అంచనావేసే సూత్రమును ఇచ్చినాడు.

ఇది కేవలము పండితచర్చ కాదు. గుణకమును ఉన్నదానికంటె తక్కువగా ఎంచినచో వేగము ఎక్కువగా తేలుతుంది. రాబోయే వరదకు నీటిమట్టము తక్కువగా కనిపిస్తుంది. ఆ లెక్కను నమ్మి కట్టిన వంతెనను వరద ముంచివేయవచ్చును.

తన సూత్రములోని లోపమును తానే ముందుగా చెప్పిన మానింగ్ నిజాయితీ ఆ సూత్రముకంటె చిన్నది కాదు. దానిని బోధించే ఉపాధ్యాయుడు నల్లబల్లపై సూత్రముతోపాటు ఆయన అసంతృప్తిని కూడ విద్యార్థులకు చెప్పుట మేలు.