చిత్రకారుడు నందలాల్ బోస్

జాతరలో డప్పు కొట్టే మనిషిని మీరు చూసే ఉంటారు. అతని చేతులు ఒక్క క్షణం నిలవవు. నడుము వంగుతుంది, తల ఊగుతుంది, పాదాలు కదులుతాయి. అతణ్ణి ఆగమనకుండా, అక్కడే నిలబడి బొమ్మ గీయాలంటే ఎలా? జీవితమంతా ఇలాంటి పని చేసిన ఒక చిత్రకారుని గురించి ఈ పాఠంలో చదువుతారు.

నందలాల్ బోస్ 1882 డిసెంబరు 3న, ఇప్పటి బీహారు రాష్ట్రంలోని ఖరగ్‌పూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో పుట్టారు. తల్లి బొమ్మలు చేయడంలో నేర్పరి. పండుగలకు దేవతా విగ్రహాలు తయారవుతుంటే పిల్లవాడు కళ్లప్పగించి చూసేవాడు. పెద్ద చదువు కోసం కలకత్తా పంపారు గాని, కళాశాల పరీక్షలు గట్టెక్కలేదు. వాణిజ్యశాస్త్రంలో చేరి చూశారు, అదీ నచ్చలేదు. చివరికి ఇంటివాళ్లను ఒప్పించి 1905లో ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చేరారు. అక్కడ ఆయన గురువు అవనీంద్రనాథ్ ఠాగూర్. కొన్నేళ్లకు అజంతా గుహలకు వెళ్లి, గోడలమీది చిత్రాలకు నకళ్లు రాసే పనిలో పాల్గొన్నారు. ఒక్క గీతతో మనిషి ఒంటి కదలికను ఎలా చూపవచ్చో ఆ గోడలు ఆయనకు నేర్పాయి.

1922లో ఆయన శాంతినికేతన్‌లోని కళాభవన్‌కు అధ్యక్షులయ్యారు. రవీంద్రనాథ్ ఠాగూర్ నెలకొల్పిన విద్యాసంస్థ అది. నందలాల్ అక్కడ పాఠం చెప్పే పద్ధతి వేరు. విద్యార్థులు నాలుగు గోడల మధ్యనే కూర్చుంటే ఆయనకు నచ్చేది కాదు. చుట్టుపక్కల సంతాలుల పల్లెలు, పొలాలు, చెట్లు అన్నీ వాళ్లకు పాఠాలే. ముందు బాగా చూడాలి, చూసినదాన్ని మనసులో నిలుపుకోవాలి, ఆ తరువాతే గీయాలి. ఆయన దగ్గర చిన్న కార్డులు ఉండేవి. దారిలో కనబడినదాన్ని వాటిమీద నాలుగు గీతల్లో పట్టుకునేవారు. అలాంటి కార్డులనే స్నేహితులకు, శిష్యులకు ఉత్తరాలుగా పంపేవారు.

ఇప్పుడు హరిపురా సంగతి తెలుసుకుందాం. 1938 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని హరిపురా గ్రామంలో కాంగ్రెసు మహాసభ జరిగింది. సుభాష్ చంద్ర బోస్ అధ్యక్షులు. సభాస్థలిని అలంకరించే పనిని గాంధీజీ నందలాల్‌కు అప్పగించారు. సభకు వచ్చేవారిలో చాలామంది పల్లెటూరి రైతులు, కూలీలు. చిత్రప్రదర్శన అనే మాటే విననివారు ఎందరో! మరి వాళ్ల కోసం ఏమి గీయాలి? పురాణకథలా? నాయకుల ముఖాలా? నందలాల్ ముందుగా ఆ చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లారు. పనిచేసుకుంటున్న మనుషులను చూసి, సిరాతో, కుంచెతో అక్కడికక్కడే నమూనాలు గీసుకున్నారు.

ఆ నమూనాల నుంచే హరిపురా చిత్రాలు పుట్టాయి. డోలు వాయించేవాడు, బట్టలు కుట్టేవాడు, మల్లయోధుడు, ఎద్దును పట్టి ఆపేవాడు, బిడ్డతో తల్లి అందులో ఉన్నారు. చేతితో తయారైన కాగితం మీద మట్టిరంగులు వాడారు. గీతలు లావుగా, రంగులు నిండుగా ఉంటాయి. ఎందుకో ఊహించండి. ఈ చిత్రాలను ద్వారాలకు, పందిళ్లకు తగిలించారు. నడుచుకుంటూ వెళ్లే మనిషికి దూరం నుంచే తెలియాలి కదా! చిన్న చిన్న వివరాలు అక్కడ పనికిరావు. నందలాల్ స్వయంగా వేసినవి ఎనభైకి పైనే. శిష్యులు వాటికి నకళ్లు తీయగా మొత్తం సంఖ్య సుమారు 400 అయింది. డోలు వాయించేవాడి కొలువు ఆనాడు నాయకుల పక్కనే. అంతకుముందు మహాసభలో అతనికి ఆ చోటు ఎవరిచ్చారు?

భారత రాజ్యాంగం మూలప్రతి పుటలను అలంకరించింది కూడా నందలాల్, ఆయన శిష్యులే. 1954లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. 1966 ఏప్రిల్ 16న కన్నుమూశారు.

హరిపురా చిత్రాలలో అనేకం ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉన్నాయి. 2019లో కొన్నింటిని ఇటలీలోని వెనిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనకు తీసుకువెళ్లారు. పేరు తెలియని ఆ డోలు కళాకారుణ్ణి, దర్జీని చూడటానికి ఇప్పుడు జనం ప్రదర్శనశాలకు వస్తున్నారు. మీరు ఢిల్లీ వెళితే, ముందు ఆ చిత్రాలకు కాస్త దూరంగా నిలబడి చూడండి. వాటిని గీసింది అలా చూడటానికే.