కక్షిదారు కాని వారి మాట కూడా విన్నారు
న్యాయమూర్తి కోకా సుబ్బారావు జీవితం

నరసన్నపేట: చెరువు గట్టు విషయమై ఇద్దరు రైతులు కోర్టుకెక్కుతారు. దావాలో ఉన్నది ఆ ఇద్దరే. కాని ఆ చెరువు కింద మడులున్న కుటుంబాలన్నిటి నీరు ఆ తీర్పును బట్టే ఉంటుంది. వారి గోడు జడ్జీగారికి ఎవరు చెప్పాలి? ఇలాంటి తగాదాలు చూసిన నరసన్నపేట ప్రాంత రైతులకు ఇంప్లీడ్ పిటిషన్ అన్న మాట కొత్తది కాదు. ఈ ప్రశ్నే ఢిల్లీలో, సుప్రీంకోర్టులో, దేశమంతటికీ సంబంధించిన కేసుల్లో ఎదురైనప్పుడు ఆ పీఠంపై కూర్చున్నవారిలో ఒకరు మన తెలుగువారే. ఆయన కోకా సుబ్బారావు.

1902 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి న్యాయవాది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో, తరువాత మద్రాసు లా కాలేజీలో చదివారు. మామగారైన పి.వెంకటరమణారావు వద్ద వృత్తిలో చేరారు. కొద్దికాలం బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేశారు. ఆ తరువాత బావమరిది పి.వి.రాజమన్నార్‌తో కలిసి మద్రాసులో ప్రాక్టీసు సాగించారు. ఆ మామగారు మద్రాసు హైకోర్టు జడ్జీ అయ్యారు, ఆ రాజమన్నార్ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1948లో సుబ్బారావుకూ అదే హైకోర్టులో స్థానం దక్కింది.

అప్పట్లో మన జిల్లావాడు అప్పీలు వేయాలంటే ఆమదాలవలసలో రైలెక్కి మద్రాసు పోవలసిందే. 1954 జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసింది. దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావే. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్ కూడా ఆయనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కోర్టు హైదరాబాదు తరలింది. 1958 జనవరి 31న ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అక్కడ ఆయనకు పేరు తెచ్చినవి భిన్నాభిప్రాయాలు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌సింగ్ అనే వ్యక్తి దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలయ్యాడు. అయినా పోలీసులు అతనిపై షీటు తెరచి, రాత్రివేళల్లో వచ్చి తలుపు తట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ ఆ రాత్రి తనిఖీలను మాత్రమే కొట్టివేసి మిగతా నిఘాను నిలబెట్టింది. సుబ్బారావు, మరో న్యాయమూర్తి షా కలిసి నిఘా నిబంధన మొత్తం చెల్లదన్నారు. నీడలా వెంటాడేవాడున్నప్పుడు మనిషికి స్వేచ్ఛ ఎక్కడిదని ఆయన వాదం. ఆ మైనారిటీ అభిప్రాయమే సరైనదని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అంటే యాభై అయిదేళ్లు పట్టింది.

ఇక అసలు సంగతి. కేసులో పక్షం కానివారు కోర్టు ముందుకు రావడానికి దారులు కొన్ని ఉన్నాయి. తన హక్కే పోయేవాడు కక్షిదారుగా చేరతాడు. తీర్పు ప్రభావం తనమీద పడుతుందనుకునేవాడు అనుమతి తీసుకుని వాదన వినిపిస్తాడు. అతడిని ఇంటర్వీనర్ అంటారు. ఎవరి కొమ్మూ కాయక కోర్టుకు సాయపడే న్యాయవాది అమికస్ క్యూరీ, అంటే న్యాయస్థాన మిత్రుడు. అమెరికాలో సంఘాలు, సంస్థలు ఆ పేరుతోనే ఏదో ఒక పక్షాన్ని బలపరుస్తూ రాతపూర్వకంగా వాదనలు దాఖలు చేస్తాయి. మిత్రుడన్న పేరే గాని, పక్షపాతం దాచుకోనక్కరలేదన్నమాట.

1964లో ఉత్తరప్రదేశ్ శాసనసభకూ అలహాబాదు హైకోర్టుకూ పేచీ వచ్చింది. సభ జైలుకు పంపిన కేశవ్‌సింగ్‌కు హైకోర్టు బెయిలిచ్చింది. సభ ఆ జడ్జీలనే పట్టి తెమ్మంది. రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా కోరారు. ఇలాంటి నివేదనలో వాది, ప్రతివాది ఉండరు. న్యాయవాదుల సంఘాలు సహా పలువురు తమ మాట వినిపించారు. ఏడుగురి ధర్మాసనంలో సుబ్బారావు ఒకరు. జడ్జీలు సభాధిక్కారం చేయలేదని మెజారిటీతో పాటు ఆయనా అన్నారు.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మరుసటి సంవత్సరం గోలక్‌నాథ్ కేసు వచ్చింది. పంజాబులోని జలంధరులో ఆ కుటుంబానికి సుమారు 500 ఎకరాల భూమి. కమతాల చట్టం ప్రకారం ఒక్కొక్కరికి 30 ఎకరాలు వదిలి, మిగిలింది మిగులు భూమి అన్నారు. దానికి రాజ్యాంగం 17వ సవరణ అండ. సవరణే చెల్లదని కుటుంబం వాదన. మైసూరు నుంచి వచ్చిన పిటిషన్లు కూడా కలిపి విన్నారు. పదకొండుమంది న్యాయమూర్తులు కూర్చున్నారు. ఇంటర్వీనర్ల తరఫు న్యాయవాదులూ వాదించారు. జలంధరు పొలం తగాదా కాస్తా దేశంలోని ప్రతి భూస్వామిదీ, ప్రతి కౌలుదారుదీ అయింది.

1967 ఫిబ్రవరి 27న తీర్పు. ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరొకవైపు. ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకు లేదని సుబ్బారావు రాశారు. అయితే గత సవరణలను తిరగదోడితే దేశమంతా అల్లకల్లోలమవుతుందని, తీర్పు ఇకమీదటికే వర్తిస్తుందన్నారు. ఈ పద్ధతి అమెరికా నుంచి తెచ్చుకున్నది. ఫలితం విచిత్రం. సూత్రం గోలక్‌నాథ్ కుటుంబానిది, భూమి మాత్రం దక్కలేదు. పిటిషన్లు కొట్టివేశారు.

ఈ తీర్పుపై మన జిల్లాలో ఒకే అభిప్రాయం ఉండడం కష్టం. పౌరహక్కుల వాదులకు అది కోట. భూమి లేనివారికి అది అడ్డుగోడ. అదే సంవత్సరం అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. శ్రీకాకుళం పోరాటం రాజుకున్నది అక్కడే. ఇంటర్వీనరుగా చేరడానికి ఢిల్లీలో న్యాయవాదిని పెట్టుకునే స్తోమతు కావాలి. బంజరు సాగుచేసే కూలీకి అది ఎక్కడిది? బయటివారి మాట వినే ద్వారం తెరిచే ఉన్నా, అందరి కాళ్లూ అక్కడి దాకా నడవలేవు. ఈ లోటు ఆ న్యాయమూర్తిది కాదు. అయినా ఆయన కథ చెప్పేటప్పుడు దాన్ని దాటేయడం సరికాదు.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తులు గోలక్‌నాథ్ తీర్పును తోసిపుచ్చారు. కాని రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదన్నారు. సుబ్బారావు వేసిన గీత కొంత జరిగిందేగాని చెరిగిపోలేదు.

పాస్‌పోర్టు విషయంలో పౌరుని పక్షాన తీర్పు చెప్పిన మర్నాడే, 1967 ఏప్రిల్ 11న, ఆయన రాజీనామా చేశారు. పదవీ విరమణకు ఇంకా మూడు నెలలుంది. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేశారు. తీర్పులిచ్చిన చేత్తో ఓట్లడగడమేమిటని విమర్శలు రాకపోలేదు. విమర్శ సబబే అనిపిస్తుంది. మే 6న పోలింగు జరిగింది. జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 ఓట్ల విలువ లభించింది. అదే నెలలో బరంపురానికి చెందిన వి.వి.గిరి ఉపరాష్ట్రపతి అయ్యారు. పోటీ జరిగిన సరిగ్గా తొమ్మిదేళ్లకు, 1976 మే 6న, సుబ్బారావు కన్నుమూశారు.

ఆ సంవత్సరమే పార్లమెంటు సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించి, ఒకటో ఆర్డరులో 8ఎ రూలు చేర్చింది. దావాలో ఏదైనా చట్టపరమైన ప్రశ్న తేలవలసి ఉంటే, అందులో ప్రయోజనం ఉన్న వ్యక్తిగాని, సంఘంగాని కోర్టు అనుమతితో అభిప్రాయం చెప్పుకోవచ్చు. 1977 ఫిబ్రవరి 1 నుంచి అది అమలులో ఉంది. చెరువు దావాలో అలాంటి ప్రశ్న తలెత్తితే ఆయకట్టు రైతుల సంఘం నరసన్నపేట కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు, ఢిల్లీ దాకా పోనక్కరలేదు.