రెవరెండు కృష్ణమోహన బెనర్జీ

సంత్రాగాఛికి కొలది మైళ్ల దూరమున, గంగ ఒడ్డున, శిబ్‌పూర్ బొటానికల్ తోట కలదు. దాని చెంతనున్న ఇంజనీరింగు విద్యాసంస్థ ప్రాంగణములో ఒక క్రైస్తవ గురువు సమాధి యున్నది. కలకత్తా మొదటి బిషప్ మిడిల్టన్ 1820లో స్థాపించిన బిషప్స్ కాలేజి పూర్వము అచ్చటనే యుండెను. అందు పదునారు సంవత్సరములు బోధించిన రెవరెండు కృష్ణమోహన బెనర్జీ సమాధి యది. ఉద్యోగరీత్యా ఈ ప్రాంతమునకు వచ్చిన మన తెలుగువారు ఎరుగదగిన జీవితము ఆయనది.

కృష్ణమోహనుడు 1813లో కలకత్తాలో ఒక పేద కులీన బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. డేవిడ్ హేర్ దొర పాఠశాలలో చదువుకొని, పిమ్మట హిందూ కాలేజిలో చేరెను. అచ్చట ఉపాధ్యాయుడైన డిరోజియో ప్రభావము విద్యార్థులపై ప్రబలముగా నుండెను. దేనినైనను తర్కించి చూడనిదే నమ్మరాదని ఆ యువకులు నిశ్చయించుకొనిరి. కృష్ణమోహనుడు ఇంటి పూజలను విడిచెను. 1831లో ఎంక్వయిరర్ అను పత్రికను స్థాపించి పూర్వాచారములను తీవ్రముగా ఖండింపసాగెను.

ఆ సంవత్సరముననే పెద్ద విపత్తు సంభవించెను. ఆయన ఇంట లేని సమయమున మిత్రులు కొందరు ఆ యింట గోమాంసము భుజించి, ఎముకలను పొరుగు బ్రాహ్మణుని యింటిలోనికి విసరిరి. ఇరుగుపొరుగువారు మండిపడిరి. చేయని తప్పునకు కృష్ణమోహనుడు ఇల్లు వదలి, మిత్రుల యిండ్లలో తలదాచుకొనవలసి వచ్చెను. పాత విశ్వాసము పోయెను. దాని స్థానమున నిలువదగినది మాత్రము ఇంకను దొరకలేదు.

అట్టి దినములలో స్కాట్లండునుండి వచ్చిన మిషనరీ అలెగ్జాండరు డఫ్ మతవిషయములపై ఉపన్యాసము లిచ్చుచుండెను. కృష్ణమోహనుడు మొదట వాదించుటకే పోయెను; వాదించి వాదించి, తుదకు నమ్మెను. 1832 అక్టోబరు 17వ తేదీన డఫ్ ఆయనకు బాప్తిస్మ మిచ్చెను. తాను అవిశ్వాసిగా వాదించిన ఆ ఉపన్యాసపు గదిలోనే ఆ సంస్కారము జరుగవలెనని ఆయన కోరెనట! మన తెలుగు క్రైస్తవ కీర్తనకర్తలలో ప్రసిద్ధుడైన పురుషోత్తమ చౌదరి కటకములో బాప్తిస్మము పొందినది ఆ మరుసటి యేడే. కృష్ణమోహనుని భార్య వింధ్యవాసినీదేవిని పుట్టింటివారు తొలుత పంపలేదు. కొంతకాలమునకు ఆమె భర్తను చేరుకొనెను.

బాప్తిస్మముతో ఆయన అన్వేషణ ముగియలేదు. డఫ్ గారి స్కాచి సంఘమునందు పెద్దల పరిపాలనయు, ప్రసంగమునకు ప్రాధాన్యమును గలవు. ఆంగ్లికన్ సంఘమునందు బిషపుల పరంపరయు, నియతమైన ప్రార్థనా గ్రంథమును గలవు. కృష్ణమోహనుడు అచిరకాలములోనే రెండవ దానిని ఎంచుకొని, గురుపట్టము పొందెను. 1839లో కారన్‌వాలిస్ స్క్వేరునందు వెలసిన క్రైస్టు చర్చికి ఆయనయే గురువు. అచ్చట వంగభాషలో ప్రసంగించుచు, ఆరాధన జరిపించెను. ఒకప్పుడు సమస్తమును ప్రశ్నించిన యువకుడు ఇప్పుడు ఇతరుల ప్రశ్నలకు ఓపికతో బదులు చెప్పువాడాయెను.

1852లో శిబ్‌పూర్ కాలేజిలో ఆచార్యుడై, 1868 వరకు అందు పనిచేసెను. అంతకుముందే, 1846 మొదలు 1851 వరకు, విద్యాకల్పద్రుమ మను విజ్ఞాన సర్వస్వమును 13 భాగములుగా వంగ, ఆంగ్ల భాషలలో వెలువరించెను. మతము మారినను మాతృభాషను గాని సంస్కృత విద్యను గాని ఆయన విడువలేదు. వేదములలోని ప్రజాపతి యజ్ఞమునకును క్రీస్తు బలికిని సామ్యము గలదని 1875లో ఒక గ్రంథమున ప్రతిపాదించెను. యౌవనమున వెక్కిరించిన పూర్వుల జ్ఞానమును వార్ధక్యమున భక్తితో చదివెను. 1876లో కలకత్తా విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు బిరుద మిచ్చి గౌరవించెను. ఆ యేడే ఏర్పడిన ఇండియన్ అసోసియేషనుకు ఆయన అధ్యక్షుడుగా కూడ పనిచేసెను. 1885 మే 11వ తేదీన పరమపదించగా, శిబ్‌పూరులో భార్య సమాధి చెంతనే ఆయనను ఖననము చేసిరి.

తనకు తగిన సంఘమును ఎంచుకొన్న ఆ మనిషియే, సంఘముల నడుమ గోడలు ఉండరాదని కూడ తలచెను. 1868లో వివిధ సంఘముల వంగ క్రైస్తవులు కలిసి స్థాపించుకొన్న బెంగాల్ క్రిస్టియన్ అసోసియేషనుకు ఆయనయే అధ్యక్షుడు. ఆ తలంపు ఫలించుటకు చిరకాలము పట్టెను. ఆంగ్లికన్, ప్రెస్బిటీరియన్ శాఖలు 1947లో దక్షిణ ఇండియా సంఘమునందును, 1970లో ఉత్తర ఇండియా సంఘమునందును ఏకమైనవి.

గుంటూరు లూథరన్ కుటుంబము, నెల్లూరు బాప్టిస్టు కుటుంబము, దోర్నకలు దక్షిణ ఇండియా సంఘ కుటుంబము బదిలీపై ఒకే కాలనీకి చేరినప్పుడు, ఏ గుడికి పోవలెనను ప్రశ్న సహజముగ పుట్టును. భాష వేరు, పాట వేరు, క్రమము వేరు. కొన్ని ఆదివారములు తప్పిపోవును. పిదప అలవాటే తప్పిపోవును. అట్టివారు కృష్ణమోహనుని స్మరింపవలెను. ఆయన సందేహించుటకు సిగ్గుపడలేదు, వెదకుట మానలేదు, మొదట చేరిన చోటు సరిపడనప్పుడు ఆరాధననే త్యజింపక, సరిపడు చోటును వెదకుకొనెను. అచ్చట కుదురుకొనిన పిదప తక్కినవారిని పరాయివారుగా నెంచలేదు.